ఎవరు చంపారు? ఎలా దొరికాడు?

హంతకుడి పేరు చివరిదాకా దాచే నవల ఒక రకం. మొదట్లోనే చెప్పేసి, ఎలా దొరికాడో చూపించేది ఇంకో రకం. 1912లో ఇంగ్లిష్ రచయిత ఆస్టిన్ ఫ్రీమన్ ‘ది సింగింగ్ బోన్’ కథల్లో ఈ రెండో దారి తొక్కాడు.

మొదటి రకానికి రివ్యూ రాయడం కత్తి మీద సామే. “చివర్లో ట్విస్ట్ అదిరింది” అన్నా చాలు, చదివేవాళ్లు ప్రతి పాత్రనీ అనుమానిస్తారు. అందుకే నేను ట్విస్ట్ జోలికి పోకుండా, ముగింపు తెలిశాక వెనక్కి తిరగేసి ఆధారాలు ముందే ఉన్నాయా అని చూస్తాను. ఉదాహరణకి, హంతకుణ్ణి పట్టించిన ఆగిపోయిన గడియారం మూడో అధ్యాయంలోనే కనబడిందా, లేక రచయిత చివర్లో జేబులోంచి తీశాడా? జేబులోంచి అయితే మార్కులు కట్.

రెండో రకంతో ఆ తంటా లేదు. టెన్షన్ మాత్రం తక్కువేం కాదు. గ్లాసు మీద వేలిముద్ర తుడవలేదని మనకి తెలుసు, హంతకుడికి తెలీదు. మళ్లీ చదవాలంటే నా చెయ్యి దీనివైపే పోతుంది.