కాన్‌బెర్రా పెరట్లో కమామైల్ సన్‌రే: కొన్నేళ్లు పెంచాక

రోడాంతీ ఆంథెమోయిడెస్‌ను ఇక్కడ ఆస్ట్రేలియా నర్సరీల్లో కమామైల్ సన్‌రే అని అమ్ముతారు. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల ఎత్తైన కొండల్లో సహజంగా పెరిగే తెల్లటి కాగితపు డైసీ ఇది. కొండ మొక్క ఇంటి దగ్గర బతకదంటారు గానీ, మా పెరట్లో ఏళ్ల తరబడి పూస్తూనే ఉంది.

చలికి దిగులు పడనక్కర్లేదు. ఇక్కడి చలికాలమైన జూలైలో ఉష్ణోగ్రత సున్నా కంటే అయిదు డిగ్రీలు దిగిపోయి ఆకుల మీద మంచు గడ్డకట్టినా, ఎండ రాగానే మామూలుగా ఉంటుంది. దీని ప్రాణం తీసేది నీరు. 2020 చివరి నుంచి వరుసగా మూడు వేసవులు లా నినా (పసిఫిక్ సముద్రం చల్లబడి ఇక్కడ వానలు పెంచే వాతావరణ మార్పు) వానలు కురిశాయి. బంకమట్టి నేలలో ఉన్న మొక్కలు మొదలు కుళ్లి పోయాయి. ముతక ఇసుక, కంకర కలిపి జానెడు ఎత్తు లేపిన మడిలోనివి ఆ వానల్లోనే నిలిచాయి. మొదలు చుట్టూ చెక్కపొట్టు కాకుండా సన్న కంకర పరచండి. ఎరువు పని పెద్దగా లేదు. బ్రిస్బేన్ లాంటి ఉక్కపోత ఊళ్లలోని వాళ్లకు మాత్రం నేను సిఫారసు చేయను.

ఇక పువ్వు. సెప్టెంబరులో మొగ్గలు ముదురు గులాబీ రంగులో వస్తాయి, విచ్చుకుంటే తెలుపు, నడుమ పసుపు. రేకుల్లా కనిపించేవి నిజానికి పువ్వును చుట్టి ఉండే ఎండు పొరలు, వేలితో తాకితే గరగరలాడతాయి. మబ్బు పట్టినా పొద్దు వాలినా ముడుచుకుంటాయి. అప్పుడు పొరల వెనుక రంగు బయటపడి పొదంతా గులాబీ చాయకు మారుతుంది. విచ్చిన పూలకన్నా నాకు ఆ వేళే ఇష్టం. ఆకు నలిపితే కమామైల్ (టీ కాచుకునే చామంతి లాంటి పువ్వు) వాసన వస్తుంది. పూత సరిగ్గా బతుకమ్మ రోజులకు అందుతుంది. గునుగు దొరకని ఈ ఊళ్లో ఆ వరుసకు వీటినే పేరుస్తాం, పండుగ అయ్యాక కూడా వాడవు.

నచ్చనిది ఒకటే, ఆయుష్షు తక్కువ. మూడు నాలుగేళ్లకు మొదలు కట్టెబారి, మధ్యలో బోసిపోతుంది. పూత అయ్యాక మూడో వంతు కత్తిరిస్తే కొంత ఆగుతుంది, కానీ ఆకులేని కట్టె దాకా కోస్తే మళ్లీ చిగురించదు. అందుకే ఏటా ఇక్కడి శరదృతువులో, అంటే మార్చి-మే నెలల్లో, పూలు లేని లేత కొమ్మలు రెండు అంగుళాల పొడవున తుంచి ముతక ఇసుకలో గుచ్చుతాను. సులువుగానే వేరు పడతాయి. మొదటిసారి కొన్నాక నర్సరీకి మళ్లీ డబ్బు కట్టలేదు.