నాసిక్ వైనరీల్లో బస, భోజనం, మన దాకా రాని సీసాలు

నాసిక్ వైనరీ (ద్రాక్షతో వైన్ తయారుచేసే చోటు) అంటే మనవాళ్లలో చాలామందికి సూలా ఒక్కటే గుర్తొస్తుంది. షిర్డీకో త్ర్యంబకానికో వెళ్లినప్పుడు దారి మళ్లి అక్కడ కాసేపు ఆగి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఈసారి మేం దాన్ని తిరగేశాం. పెద్ద వైనరీకి ఒక మధ్యాహ్నం ఇచ్చి, మిగతా సమయమంతా చిన్నవాటికి పెట్టుకున్నాం. నాకు బాగా నచ్చిన వైన్లు ఆ చిన్న చోట్లే దొరికాయి. వాటిలో ఒక్కటి కూడా హైదరాబాద్‌లో నేనెరిగిన ఏ షాపులోనూ లేదు. ఎందుకు లేదో అక్కడివాళ్లతో మాట్లాడాక అర్థమైంది. బస ఎక్కడ బాగుందో చెప్పడంతో పాటు ఆ సంగతి కూడా చెప్పకపోతే ఈ యాత్ర గురించి సగమే రాసినట్టవుతుంది.

ముందు ప్రయాణం. దేవగిరి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ నుంచి నాసిక్ రోడ్ దాకా నేరుగా వెళ్తుంది. స్టేషన్ ఊరికి ఒక పక్క, వైనరీలు ఎక్కువగా ఇంకో పక్క, గంగాపూర్ డ్యాం వైపు. క్యాబ్ యాప్‌లు ఊళ్లో పనిచేస్తాయి గానీ, చీకటి పడ్డాక తోటల దగ్గర బండి దొరకడం కష్టం. రోజంతటికీ కారు, డ్రైవర్ మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు. వైన్ తాగడానికి మహారాష్ట్రలో 21 ఏళ్లు నిండాలి. కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. చాలా దేశాల్లో ద్రాక్ష ఎండాకాలం చివర పండితే, ఇక్కడ వానలు తగ్గాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో కొమ్మలు కత్తిరించి చలికాలంలో పండిస్తారు. కోత చూడాలంటే ఫిబ్రవరి సరైన నెల. జనవరి 26న మాత్రం వెళ్లకండి, అది మద్యం అమ్మని డ్రై డే.

మొదటి రాత్రి ఊళ్లోనే ఒక పెద్ద హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది, లిఫ్టు దగ్గర గోల తప్ప పెద్ద ఫిర్యాదు లేదు. రాత్రి భోజనానికి కూర్చుని వైన్ లిస్ట్ అడిగితే రెండు పెద్ద కంపెనీల పేర్లే ఉన్నాయి. కారులో అరగంట దూరంలో అన్ని వైనరీలు ఉండగా ఇదేమిటని అడిగితే, సప్లయర్ తెచ్చేవే పెడతామన్నాడు వెయిటర్. మర్యాదగానే చెప్పాడు. ఆ జవాబు మాత్రం మిగిలిన రోజులన్నీ నా చెవిలో ఉండిపోయింది.

సూలా గురించి మంచే చెప్పాలి. 1990ల చివర్లో దాని స్థాపకుడు రాజీవ్ సామంత్ ఇక్కడ వైన్ ద్రాక్ష వేసినప్పుడు చుట్టూ ఉన్నది తినే ద్రాక్ష తోటలే. 2005లో వాళ్లు తెరిచిన, వైన్ రుచి చూపించే టేస్టింగ్ రూమ్ ఈ ప్రాంతానికే దారి చూపింది. టూర్ క్రమంగా నడుస్తుంది, స్టీల్ ట్యాంకులు, ఓక్ పీపాలు చూపిస్తారు, మొదటిసారి తాగేవాళ్లకు గ్లాసు ఎలా పట్టుకోవాలో ఓపిగ్గా చెప్తారు. వారాంతం అయితే జనం విపరీతం. మా బ్యాచ్‌లో వెనక నిలబడ్డవాళ్లకు గైడ్ మాట వినపడలేదు. వాళ్ల ‘ద సోర్స్’ రిసార్టును చూశాం, గదులు అందంగా ఉన్నాయి, పిల్లలు లేని జంటలకు బాగుంటుంది. మేం అక్కడ ఉండలేదు.

మేం ఉన్నది సోమా వైన్ విలేజ్‌లో. కుటుంబాలకు ఇదే మేలు. డ్యాం వైపు గాలి, స్విమ్మింగ్ పూల్, పరుగెత్తడానికి చోటు. మా చెల్లెలి పిల్లలు గది ముఖం చూడలేదు. టిఫిన్ మామూలు, సాయంత్రం భోజనం బాగుంది. సర్వీసు నెమ్మది. గ్లాసులో చెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ పెట్టుకుని కూర్చుంటే ఆ నెమ్మది పెద్దగా ఇబ్బంది అనిపించలేదు.

పక్కనే యార్క్. సూర్యాస్తమయానికి డ్యాం నీళ్లు కనపడే టెర్రస్ కోసం వెళ్లండి. 2006లో ఒక కుటుంబం మొదలుపెట్టిన వైనరీ ఇది, 2021లో సూలా చేతికి వెళ్లింది. వైన్ ఇప్పటికీ బాగుంది, స్టాఫ్ కూడా చురుకు. అయినా మంచి పేరున్న ఇలాంటిదే సొంతంగా నిలబడకుండా పెద్దదాంట్లో కలిసిపోయిందంటే, ఇంకా చిన్నవాళ్ల సంగతేమిటన్న ప్రశ్న నాకు అక్కడే మొదలైంది.

దానికి జవాబు ఇగత్‌పురి వైపు దొరికింది. నాసిక్ నుంచి ముంబై రోడ్డు మీద గంట లోపే. సంజెగావ్ దగ్గర గ్రోవర్ జంపా, వలోనే లాంటివి ఉన్నాయి. ఆ చుట్టుపక్కలే ఒక చిన్న కుటుంబ వైనరీలో మా రోజంతా గడిచింది. పేరు రాయను, ఎందుకంటే దాని యజమాని తన లెక్కలు మా ముందు విప్పి మాట్లాడాడు. నాలుగైదు రకాల వైన్, ఒక హాలు, వెనక వంటిల్లు. భోజనం ఆయన భార్య వండింది, పిఠ్ల (శనగపిండి కూర), భాకరీ (రొట్టె), వంకాయ. దాంతో ఆయన పోసిన షిరాజ్ అనే ఎర్ర వైన్ ఈ యాత్ర మొత్తంలో నేను తాగిన అన్నిటికంటే మంచిది.

సీసా తిప్పి లేబుల్ చూపించాడు. మహారాష్ట్రలో అమ్మకానికి మాత్రమే అని అచ్చు వేసి ఉంది. తెలంగాణలో అమ్మాలంటే అక్కడికి వేరే లేబుల్, అక్కడి ఎక్సైజ్ శాఖ దగ్గర బ్రాండ్ రిజిస్ట్రేషన్, ఏటేటా ఫీజు. కర్ణాటకకు మళ్లీ వేరు, గోవాకు మళ్లీ వేరు. మద్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోది, జీఎస్టీలోకి కూడా రాలేదు. అందుకే ఒక రాష్ట్రం వైన్ పక్క రాష్ట్రానికి దాదాపు విదేశీ సరుకే. లక్షల కేసులు (సీసాల పెట్టెలు) అమ్మే కంపెనీకి ఆ ఫీజు సీసాకు పైసల్లో పడుతుంది. మన రాష్ట్రానికి ఏడాదికి యాభై కేసులు పంపగలిగే మనిషికి అదే ఫీజు సీసా మీద ఎంత పడుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఫీజు కట్టినా పని అయిపోదు. తెలంగాణలో హోల్‌సేల్ అంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. ఆంధ్రలోనూ అంతే, 2024 అక్టోబర్‌లో షాపులు మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లినా డిపో, అంటే హోల్‌సేల్ గోడౌన్, మాత్రం ప్రభుత్వానిదే. తయారీదారు సరుకు డిపోకు పంపాలి, షాపువాళ్లు అక్కడి నుంచి ఎత్తాలి, డబ్బు ఎప్పుడొస్తే అప్పుడు తీసుకోవాలి. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ అంతటి కంపెనీయే బకాయిలు, ధరల మాట ఎత్తి తెలంగాణకు కొన్నాళ్లు సరఫరా ఆపేసింది. అంత పెద్దవాళ్లకే భారమైన ఎదురుచూపు, కోతకు కూలీ డబ్బులు ఈ వారమే ఇవ్వాల్సిన రైతు ఎక్కడ తట్టుకుంటాడు?

డిపో సంగతి ఇంకోటి ఉంది, ఇది నేను ఎప్పుడూ ఆలోచించనిది. మన గోడౌన్లు, లారీలు, షాపులు అన్నీ విస్కీ, బ్రాందీ కోసం ఏర్పడ్డవి. వాటికి వేడి తగిలినా నష్టం లేదు. వైన్ అలా కాదు, మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద నాలుగు వారాలుంటే పళ్ల వాసన పోయి ఉడికిన జామ్‌లా తయారవుతుంది. ముఖ్యంగా సావిన్యాన్ బ్లాంక్, చెనిన్ లాంటి తెల్ల వైన్లు తాజాగా తాగాల్సినవి. హైదరాబాద్‌లో ఎవరైనా ఆ సీసా కొని బాగాలేదనుకుంటే తప్పు తోట మీదికి పోతుంది. రెండోసారి కొనరు. ఆ బెంగతోనే ఆయన దూరం రాష్ట్రాలకు పంపడం మానుకున్నాడు.

హోటళ్ల లిస్టులోకి ఎందుకు రాలేదో కూడా అక్కడే తెలిసింది. పెద్ద కంపెనీలు గ్లాసులు ఇస్తాయి, స్టాఫ్‌కు ట్రైనింగ్ ఇస్తాయి, ఎక్కువ కొంటే తగ్గింపు ఇస్తాయి, సరుకు అయిపోయిందన్న మాట రానివ్వవు. చిన్నవాళ్ల దగ్గర ఆ షిరాజ్ ఈ ఏడాదిది అయిపోతే మళ్లీ వచ్చే కోతే. అది హోటల్ మేనేజర్‌కి ఇబ్బంది, నాకు అర్థమవుతుంది. కానీ నాసిక్‌లోనే నాసిక్ చిన్న వైనరీల సీసా దొరకకపోవడం అన్యాయం అనే అంటాను.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. మహారాష్ట్ర 2001లో తెచ్చిన ద్రాక్ష ప్రాసెసింగ్ విధానంతోనే ఇక్కడ ఇన్ని వైనరీలు వచ్చాయి. తర్వాత 20 శాతం వ్యాట్‌లో 4 శాతం ఉంచుకుని మిగతా 16 శాతం తిరిగిచ్చే పథకం పెట్టింది. 2008 తర్వాత గిరాకీ పడిపోయి, ఎన్నో చిన్న వైనరీలు మూతపడ్డాయి, కొన్ని పెద్దవాళ్లకు బల్క్‌లో వైన్ చేసిచ్చే చోట్లుగా మిగిలాయి. తయారు చేయడానికి సాయం దొరికింది గానీ, అమ్ముకునే దారి ఇరుకుగానే ఉండిపోయింది. 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మడానికి మహారాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అన్నా హజారే సహా చాలామంది వ్యతిరేకించారు, అది అమలు కాలేదు. తాగుడుతో నాశనమైన ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి, ఆ వ్యతిరేకతను నేను కొట్టిపారేయలేను. అయితే రాష్ట్రాల మధ్య లేబుల్, ఫీజు నిబంధనల్ని చిన్న ఉత్పత్తిదారుల వరకు తేలిక చేస్తే కొత్తగా తాగేవాళ్లు పుట్టుకురారు, రైతు మాత్రం నిలబడతాడు.

మనవాళ్ల సంగతే చూడండి. హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు క్రస్మా పేరుతో వైన్ ద్రాక్ష వేసింది హంపి కొండల్లో, కర్ణాటకలో. కాబట్టి సొంత ఊళ్లో అమ్మాలన్నా వాళ్లది పొరుగు రాష్ట్రం వైనే.

ఈ పరిస్థితిలో చిన్న వైనరీకి నిజమైన మార్కెట్ తన గుమ్మమే. హాల్లో కూర్చుని తాగే గ్లాసు, వెనక వంటింట్లో భోజనం, రెండు మూడు గదులుంటే వాటి అద్దె. వీటి డబ్బు మధ్యలో డిపో, సప్లయర్ లేకుండా ఆ రోజే చేతికి వస్తుంది. అందుకే ఒక రాత్రికి మాత్రమే డబ్బు పెట్టగలిగితే ఆ రాత్రి చిన్న చోట ఉండమని చెప్తాను. లోటుపాట్లు ఉంటాయి. ఏసీ గది అన్నిచోట్లా దొరకదు, కార్డు మెషిన్‌కు సిగ్నల్ రాదు, ఇగత్‌పురి వైపు రోడ్డు చివరి కొన్ని కిలోమీటర్లు గుంతలే. పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వెళ్తే సోమా వైపు ఉండి, పగలు అటు వెళ్లి రండి.

సీసాలు కొని రైల్లో తెచ్చేద్దామనుకోకండి. పన్ను కట్టని వేరే రాష్ట్రం మద్యం అంటూ గోవా నుంచి వచ్చే రైళ్లలో మన ఎక్సైజ్‌వాళ్లు పట్టుకున్న కేసులు చాలా ఉన్నాయి. అక్కడే తాగండి, అక్కడే భోంచేయండి. వారం మధ్యలో వెళ్తే పీపాల గది చూపించడానికి యజమానే వస్తాడు. ఒకరోజు ముందే ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నారో, భోజనం కావాలో లేదో చెప్పండి. వంట మనిషి ఒక్కరే ఉంటారు.