పుదుచ్చేరి ఫ్రెంచి వీధిలో రెండు రాత్రులు

పుదుచ్చేరిలో సముద్రపు ఒడ్డుకూ, ఊరిని రెండుగా విడదీసే పెద్ద కాలువకూ నడుమ ఉన్న పాత ఫ్రెంచి వీధులను అందరూ వైట్ టౌన్ అంటారు. అక్కడి పాత ఇళ్లు ఇప్పుడు చాలానే హోటళ్లయ్యాయి. మార్చి రెండో వారంలో మా అమ్మగారితో కలిసి మేము దిగింది అలాంటి ఒక పది గదుల ఇంట్లోనే. వారం మధ్యలో వెళ్లాం కాబట్టి గదికి రోజుకు 6,500 రూపాయలు తీసుకున్నారు, పన్ను అదనం. శని, ఆదివారాల్లో అదే గది 9,000 అని చెప్పారు.

వీధిలో నిలబడి చూస్తే ఇల్లేమీ కనబడదు. పసుపు పూసిన ఎత్తైన ప్రహరీ, దానికి తెల్లటి అంచు, పెద్ద చెక్క తలుపు, గోడ మీదుగా బయటికి వాలిన కాగితంపూల తీగ, అంతే. కాలువకు అవతల తమిళుల పాత ఇళ్లకు వీధి వైపే పంచ, అరుగు ఉంటాయి. దారిన పోయేవాడు కాసేపు కూర్చుని పోవచ్చు. ఫ్రెంచివారి ఇల్లు మాత్రం తన సొగసంతా గోడ లోపలే దాచుకుంటుంది. తలుపు దాటగానే ఆవరణ, అందులో ఒక దేవగన్నేరు చెట్టు, దాని వెనక గుండ్రటి స్తంభాల వసారా. మన గోదావరి జిల్లాల మండువా ఇళ్లలో ఆకాశం ఇంటి నడిమధ్యన కనిపిస్తే ఇక్కడ ఇంటి ముందు కనిపిస్తుంది గానీ, అడుగు పెట్టగానే ఒంటికి తగిలే చల్లదనం మాత్రం అదే. గోడలు మూరెడు మందం. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మిద్దె నేలకు పద్నాలుగు అడుగుల పైనే ఉంటుందేమో. మిట్టమధ్యాహ్నం కిటికీల చెక్క రెక్కలు దించి ఫ్యాను వేసుకుంటే చాలు, ఏసీ గుర్తుకే రాలేదు. కట్టినవాళ్ల పనితనం అది, హోటలువారి ఖాతాలో వేయదగినది కాదు. అయితే దాన్ని చెడగొట్టకుండా ఉంచినందుకు వారిని మెచ్చుకోవాలి.

గుమ్మం పక్కన మాత్రం ఈ ఇల్లు ఫ్రెంచి గవర్నరు డూప్లే నాటిదని ఒక పలక పెట్టారు. డూప్లే 1754లోనే ఫ్రాన్సుకు వెళ్లిపోయాడు. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకుని ఊరిని నేలమట్టం చేశారు, ఈ వీధులు ఆ తర్వాత మళ్లీ కట్టుకున్నవి. ఇంత చక్కటి ఇంటికి లేని వయసు అంటగట్టవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఇక ఇబ్బందుల సంగతి. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులని, కింది గదే కావాలని ఫోనులో ముందే చెప్పాం. తీరా వెళ్లాక పై అంతస్తు గది చూపించారు. లిఫ్టు లేదు, చెక్క మెట్లు అందంగానే ఉన్నాయి గానీ బాగా నిటారు, ఆమె ఒక్కొక్క మెట్టు దగ్గర ఆగి కటకటాలు పట్టుకుని ఎక్కవలసి వచ్చింది. స్నానాలగదిని తర్వాతి కాలంలో గది మూలన అడ్డుగోడ కట్టి అమర్చినట్టుంది, ఆ గోడ కప్పు దాకా వెళ్లదు. లోపల ఎవరు ఏం చేస్తున్నా మంచం మీద ఉన్నవారికి వినబడుతుంది. పైగా వాలు సరిగా లేక, స్నానం చేసిన ప్రతిసారీ నీళ్లు గడప దాటి వచ్చి కాళ్లు తుడుచుకునే పట్టాను నానబెట్టాయి. చెప్పిన ప్రతిసారీ నవ్వుతూ ఇంకో పట్టా తెచ్చి వేశారు తప్ప నీటి పనివాడిని మాత్రం పిలవలేదు. చదువుకుందామంటే దీపాలు మరీ మసక. కారులో వచ్చేవారికి మరో మాట: లోపల బండి పెట్టుకునే చోటు లేదు.

మనుషుల విషయంలో ఫిర్యాదు లేదు. రిసెప్షనులో ఉన్న కుర్రాడు మా మాటలు విని, "ఆయ్, మాది యానామండి" అన్నాడు. గోదావరి ఒడ్డునున్న యానాం పుదుచ్చేరి పాలనలోనే ఉందన్నది పుస్తకాల్లో చదివిన సంగతే గానీ, అక్కడ ఆ యాస వినేసరికి అమ్మగారి మొహం విప్పారింది. మర్నాడు కింది గది ఖాళీ కాగానే సామాను తనే మోసుకొచ్చి మార్చాడు, అదనంగా ఏమీ అడగలేదు.

గది అద్దెలో ఉదయపు ఫలహారం కలిసి ఉంది, అది వసారాలోనే పెడతారు. ఇడ్లీ, పొంగల్ పర్వాలేదనిపించాయి, సాంబారు పలచన. క్రోసాన్ అనే ఫ్రెంచి రొట్టె మాత్రం వేడివేడిగా, ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలుతూ వచ్చింది. దానితో పాటు డబరా గ్లాసులో ఫిల్టరు కాఫీ. ఈ రెండింటి జత ఈ ఊళ్లో తప్ప ఇంత సహజంగా కుదరదనుకుంటాను.

బీచ్ రోడ్డుకు నడిచి ఐదు నిమిషాలు. సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఏడున్నర దాకా ఆ రోడ్డు మీద బండ్లను రానివ్వరు కాబట్టి పెద్దవారితో గాంధీ విగ్రహం దాకా నింపాదిగా నడవవచ్చు. తిరిగి వస్తుంటే ఒక వీధిని ఇప్పటికీ బుస్సీ పేరుతో పిలవడం విన్నాం. పేరు మార్చి లాల్ బహదూర్ శాస్త్రి వీధి అన్నా జనం నోట పాతదే నిలిచింది. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చిన ఆ బుస్సీయే. బొబ్బిలి కథ వింటూ పెరిగిన మా అమ్మగారు ఆ వీధిలో నడవనని పక్క వీధిలోకి తిప్పించారు.

వారాంతంలో చెన్నై, బెంగళూరుల నుంచి వచ్చే జనంతో వీధులు నిండిపోతాయట, కనుక సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లడం మేలు. కింద వసారాలోకి తెరుచుకునే గదులు మూడే ఉన్నాయి. వాటిలో ఒకటి మీ పేరున ఉంచినట్టు రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి.