మీరట్ సూసాఫోన్ రివ్యూ: కాలేజీ బ్యాండుకి తీసుకోవచ్చా?

ముందే చెప్పేస్తా. తీసుకోవచ్చు, కానీ మీకు దగ్గర్లో ఇత్తడి బాజాలు బాగుచేసే మనిషి ఉంటేనే. లేకపోతే అదే డబ్బుతో రెండు ట్రంపెట్లు, ఒక మంచి బాస్ డ్రమ్ కొనుక్కుని హాయిగా ఉండండి. సూసాఫోన్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం ఒక ముక్క: ఒంటి చుట్టూ చుట్టుకుని ఎడమ భుజం మీద కూర్చునే పెద్ద ఇత్తడి బాజా, స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కే మూడు వాల్వులు, తల పైనుంచి ముందుకు తిరిగి ఉండే గరాటులాంటి పెద్ద మూతి, దాన్ని బెల్ అంటారు. గొట్టం మొత్తం సాగదీస్తే దాదాపు 18 అడుగులు. బ్యాండులో అన్నిటికంటే కింది స్వరాలు దీనివే.

మా కాలేజీ ఘట్‌కేసర్ వైపు. ఎన్‌సీసీ వాళ్ల దగ్గర సైడ్ డ్రమ్ములు, కొన్ని ట్రంపెట్లు, ఒక పాత యూఫోనియం (సూసాఫోన్ కంటే చిన్న ఇత్తడి బాజా) ఉండేవి, ఆగస్టు 15కి బయటికి తీసి మళ్లీ గదిలో పెట్టి తాళం వేసేవాళ్లు. వాటితోనే మేం ఫెస్ట్ ర్యాలీకి బ్యాండు కట్టాం. ఇక అమెరికా కాలేజీ బ్యాండుల వీడియోలు చూడటం మొదలైందో లేదో, అందరికీ సూసాఫోన్ పిచ్చి పట్టుకుంది. ముఖ్యంగా ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లది. రెండు వందల మందికి పైగా ఉన్న బ్యాండు వాయిస్తూ నడుస్తూనే గ్రౌండు మీద రాష్ట్రం పేరు కలిపిరాతలో రాస్తుంది, ఆఖర్న ఇంగ్లిష్ ‘ఐ’ మీద చుక్కగా వెళ్లి నిలబడేది సూసాఫోన్ వాయించేవాడు, అక్కడ టోపీ తీసి స్టేడియం రెండు వైపులకీ వంగి దండం పెడతాడు. 1936లో ఇది మొదలైనప్పుడు చుక్క పెట్టింది కార్నెట్ అనే ట్రంపెట్‌లాంటి చిన్న బాజా వాయించే కుర్రాడు, మరుసటి ఏడాదికి సూసాఫోన్ చేతికి వచ్చింది, ఇక అప్పట్నుంచి అది వాళ్ల హక్కు. అక్కడి కుర్రాళ్లు చుక్క వంతు కోసం ఏళ్ల తరబడి ఆగుతారు. బ్యాండు బయటివాళ్లకి ఆ చాన్స్ చాలా అరుదుగా ఇస్తారు, వ్యోమగామి జాన్ గ్లెన్‌కి అలా దక్కింది. ఇవన్నీ చూశాక మనకీ ఒకటి ఉండాల్సిందే అనిపించదా?

యమహా, కాన్ లాంటి ఫారిన్ కంపెనీలవి వేల డాలర్లు. కాలేజీ ఇచ్చే ఫెస్ట్ బడ్జెట్‌లో వాటి వాల్వు కూడా రాదు. మనకి మిగిలేది ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. అక్కడ జలీ కోఠి అనే పేట మొత్తం బ్యాండు వాయిద్యాల పనే, దేశంలో పెళ్లి బ్యాండుల చేతుల్లో కనిపించే బాజాలు చాలావరకు అక్కడివే. మాకు ఇత్తడిది ట్రాన్స్‌పోర్టుతో కలిపి నలభై వేల లోపే పడింది.

పెట్టె తెరవగానే చూపు అదిరిపోయింది, అది ఒప్పుకోవాలి. పాలిష్ తళతళలాడుతోంది, బెల్ మీద చెక్కిన పువ్వులు, ఫొటోలకి పండగే. దగ్గరికెళ్లి చూస్తే రేకు పల్చన. అందుకే బరువు 11 కిలోల దగ్గర ఆగింది, ఫారిన్ ఇత్తడివి ఇంతకంటే బాగా బరువుంటాయి. మోసేవాడికి ఇది లాభమే, కానీ హాస్టల్ గుమ్మానికి ఒక్కసారి తగిలితే చాలు, సొట్ట. కూడా వచ్చిన మౌత్‌పీస్ అంచు గరుగ్గా ఉంది, దాంతో గంట ఊదినవాడు మర్నాడు ఇడ్లీ తినలేడు. మోయడానికి ఒక గుడ్డ సంచీ ఇచ్చారు, దాన్ని సంచీ అనడం కూడా మర్యాద కోసమే. బెల్ ఊడదీసినా ఆటోలో బాజాతో పాటు ఇంకొక్కడే కూర్చోగలడు, ఆ ఒక్కడూ బెల్‌ని ఒళ్లో పెట్టుకోవాలి.

అసలు సంగతి వాల్వులు. షాపులో నిలబడి నొక్కి చూస్తే అన్నీ బాగానే ఆడతాయి. గ్రౌండులో ఎర్రమట్టి దుమ్ములో అరగంట నడిచాక చూడండి, రెండో వాల్వు కిందికి వెళ్లి పైకి రావడానికి ఆలోచిస్తుంది. మార్చ్ మధ్యలో వాల్వు ఇరుక్కుంటే అంతా గల్లంతే, ఎందుకంటే వెనక డ్రమ్ములోళ్లు, ముందు ట్రంపెట్లు అందరూ ఈ కింది స్వరాన్ని పట్టుకునే నడుస్తుంటారు. మాకు నేర్పే ఉస్తాద్ పాతబస్తీలో ఏళ్లుగా పెళ్లి బ్యాండు నడిపినాయన. ఆయన వాల్వుల్లోపల ఆడే పిస్టన్లు మూడూ బయటికి తీసి, వేళ్లతో తడిమి, “కొత్తది గద బాబూ, రాపిడి తీసేటోడు ఎవడూ లేడు, మనమే తియ్యాలె” అని, సన్నటి పాలిషింగ్ పేస్టుతో ఓపిగ్గా రుద్ది, కడిగి, వాల్వ్ ఆయిల్ వేసి ఇచ్చారు. స్ప్రింగులు కూడా మార్పించారు. ఆ తర్వాత ఇరుక్కోలేదు, కాకపోతే ప్రాక్టీసుకి ముందు ప్రతిసారీ ఆయిల్ చుక్కలు పడాల్సిందే. కొబ్బరి నూనె వేసేవాళ్లని చూశాను, దయచేసి వద్దు, గడ్డకట్టి జిగురైపోతుంది.

శ్రుతి గురించి జనం అన్యాయంగా తిడతారు. మూడు వాల్వులూ కలిపి నొక్కినప్పుడు స్వరం కాస్త పైకి పోవడం మూడు వాల్వుల ఏ బాజాకైనా ఉన్న గుణమే, మీరట్ తప్పు కాదు, మూడో వాల్వు స్లైడ్, అంటే లోపలికీ బయటికీ జరిగే గొట్టం ముక్క, కొంచెం బయటికి లాగితే సర్దుకుంటుంది. మన ఎండ మాత్రం నిజమైన సమస్య. పొద్దున ఆరింటికి శ్రుతి చేసుకుని, పదకొండింటికి ర్యాలీ మొదలుపెడితే, వేడికి ఇత్తడి బాజాలన్నిటి శ్రుతీ పైకి జరుగుతుంది, ఇంత పెద్ద గొట్టంలో ఇంకా ఎక్కువ తేడా వస్తుంది. బాజా మొత్తం శ్రుతిని మార్చే మెయిన్ స్లైడ్ లాగి కిందికి దించుకోవాలి. మాదాంట్లో ఆ స్లైడ్ ఎంత టైటుగా వచ్చిందంటే ఇద్దరు చెరో వైపు పట్టుకుని లాగాల్సి వచ్చింది. గ్రీజు పెట్టాక లొంగింది.

ఇంత బరువు మోస్తూ వాయించడం ఎలా అంటే, ఉస్తాద్ మొదటి వారమంతా ఊదనివ్వలేదు. “ముందుగాల నడవండి, ఊదుడు తర్వాత సంగతి” అని బాజా భుజాన పెట్టించి ఉత్తిగా గ్రౌండు చుట్టూ తిప్పారు. మాలో ఇద్దరికి భుజం కమిలిపోయింది. అప్పుడు తువ్వాలు మడిచి కింద పెట్టుకున్నాం, ఫోమ్ ప్యాడ్ కొంటే ఇంకా మంచిది. తమాషా ఏంటంటే, ఎవరి పేరు మీద ఈ బాజా ఉందో ఆ అమెరికా బ్యాండు మాస్టర్ జాన్ ఫిలిప్ సూసా దీన్ని అసలు కవాతు కోసం అడగనేలేదు. కచేరీ స్టేజి మీద మోత బ్యాండు తల మీదుగా పైకి లేచి పరుచుకోవాలన్నది ఆయన కోరిక, 1890లలో చేసిన మొదటి వాటికి బెల్ ఆకాశం వైపు ఉండేది, జనం వాన పట్టే బాజా అని ఎగతాళి చేసేవాళ్లట. బెల్ ముందుకి తిరిగింది తర్వాత.

మోత ఎలా ఉంది? బయట బాగుంది, నిజంగా బాగుంది. జనగణమన 52 సెకన్లలో ముగియాలి కదా, మునుపు ట్రంపెట్లు పరుగెత్తి ముందే అయిపోయేది, ఇప్పుడు కింద ఇది నిలకడగా పట్టుకోవడంతో వేగం కుదిరింది. కానీ తీన్‌మార్ దగ్గర మాత్రం దండగ. హైదరాబాద్ కుర్రాళ్లకి తీన్‌మార్ వినపడితే కాళ్లు ఆగవు, డప్పులు, సైడ్ డ్రమ్ములు కలిసి మోగుతుంటే వాటి కింద సూసాఫోన్ ఊదుతున్నట్టు ఊదేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. మర్ఫా దరువులో ఖాళీలు ఉంటాయి కాబట్టి అక్కడ రెండు స్వరాలు ఇటు అటు వేసుకుంటే బ్రహ్మాండంగా అతికింది. హైదరాబాద్ ఏసీ గార్డ్స్ పేటకి పేరిచ్చిన నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వాళ్ల సంగీతమైన మర్ఫా, అమెరికా బాజా, మా ఎన్‌సీసీ ట్రంపెట్లు, మూడూ ఒకే వరసలో నడిచాయి. నాకైతే ఒహాయో వీడియో కంటే ఇదే నచ్చింది, మా బ్యాచ్‌లో సగం మంది ఒప్పుకోరు అనుకోండి.

అమ్మినవాళ్ల సర్వీసుకి మాత్రం సున్నా మార్కులు. పేరు రాయను. బెల్‌ని బిగించే స్క్రూ ఒకటి మర తిరిగిపోయి వచ్చింది, ఫోన్ చేస్తే “ట్రాన్స్‌పోర్టులో జరిగింది సార్” అన్నారు. ట్రాన్స్‌పోర్టులో స్క్రూ మర ఎలా పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. వీడియో పంపమన్నారు, పంపాం, తర్వాత నీలం టిక్కులే తప్ప జవాబు లేదు. చివరికి ఉస్తాద్‌కి తెలిసిన రిపేరు ఆయన టీ ఖర్చంత డబ్బుతో కొత్త మర వేసిచ్చాడు.

ఫైబర్ బాడీది తీసుకోవాలా అని చాలామంది అడుగుతున్నారు. తేలిక, సొట్ట పడదు, అమ్మాయిలూ అబ్బాయిలూ ఎవరైనా మోయగలరు. మోత కాస్త పొడిగా ఉంటుంది, పైగా పగిలితే మన రిపేరు షాపుల్లో ఇత్తడికి అతుకు వేసినంత తేలిగ్గా అతకరు. రోజూ గంటల తరబడి నడిచే బ్యాండైతే ఫైబర్, ఏడాదిలో నాలుగైదు ప్రోగ్రాములే అయితే ఇత్తడి.

మొత్తానికి అయిదుకి మూడున్నర. ఆర్డర్ ఇచ్చేటప్పుడే మౌత్‌పీస్ వద్దని చెప్పి ఆ డబ్బు తగ్గించుకోండి, మంచిది విడిగా కొనుక్కోండి. మౌత్‌పీస్‌కీ మెడ గొట్టానికీ మధ్య వచ్చే రెండు చిన్న వంకర ముక్కలు, బిట్స్ అంటారు, అవి ఇంకో జత అదనంగా అడగండి. మాకు ఒకటి ర్యాలీలో ఎక్కడో జారిపోయింది, ఇప్పుడు దాని కోసమే మీరట్‌కి మళ్లీ ఫోన్లు చేస్తున్నాం.