‘చార్జ్’కి ఏ అర్థం? లెర్నర్స్ డిక్షనరీని ఏళ్లుగా క్లాసులో వాడాక

ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల చేతికి నేను మొదట ఇచ్చేది లాంగ్‌మన్ డిక్షనరీ ఆఫ్ కాంటెంపరరీ ఇంగ్లిష్. 1978లో వచ్చినప్పటి నుంచీ అందులో అర్థాలు దాదాపు 2,000 మామూలు మాటలతోనే చెబుతున్నారు. ఒక మాట కోసం వెతికితే ఇంకో మూడు తెలియని మాటలు తగలడమనే బాధ అందుకే తక్కువ.

నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం మాత్రం సైన్‌పోస్టులు. నానార్థాలున్న మాట దగ్గర ఒక్కో అర్థానికి ముందు చిన్న సూచన ఉంటుంది. ‘చార్జ్’ తీయండి. నామవాచకానికి ఒక ఎంట్రీ, క్రియకు వేరే ఎంట్రీ. క్రియ కింద డబ్బు, నేరం, కరెంటు అంటూ సైన్‌పోస్టులు. ‘ద పోలీస్ చార్జ్‌డ్ హిమ్ విత్ థెఫ్ట్’ అని వాక్యమిస్తే, తొందరపడేవాళ్లు పైనున్న అర్థమే పట్టుకుని ‘దొంగతనానికి పోలీసులు డబ్బు వసూలు చేశారు’ అని రాసేస్తారు. (చదివి నవ్వాపుకోవడం కష్టమే.) ఎక్కువ వాడుకలో ఉన్న అర్థాన్ని ముందు పెడతారు మరి. అప్పుడు నేను జవాబు చెప్పను. ఇది క్రియా, నామవాచకమా అని అడుగుతాను. సైన్‌పోస్టుల మీద వేలుపెట్టి కిందికి దిగమంటాను. నేరం దగ్గర ఆగాక, అక్కడి ఉదాహరణలో ‘విత్’ ఉందేమో చూడమంటాను. ఉంటే దారిలో పడ్డట్టే: అతని మీద దొంగతనం నేరం మోపారని అర్థం. ఈ అలవాటు కుదరకుండా కొత్త మాటల జాబితాలు బట్టీ పట్టించడం దండగ.

కోబిల్డ్ కూడా పక్కనే ఉంచుతాను. 1987లో మొదటిసారి వచ్చిన ఆ నిఘంటువు అర్థాన్ని నిండు వాక్యంలో చెబుతుంది. పోలీసులు ఎవరినైనా చార్జ్ చేస్తే అంటూ మొదలుపెడుతుంది కాబట్టి, ఎవరు ఎవరిని చేస్తారో అక్కడే తేలిపోతుంది. చదవడానికి హాయి, వెతకడానికి కాస్త నిదానం.

బొత్తిగా కొత్తవాళ్లకు రెండూ బరువే. ఆ 2,000 మాటలే వాళ్లకింకా రావు. అప్పటికి సొంత భాషలో అర్థమిచ్చే నిఘంటువే నయం. కాకపోతే చిన్న సైజువి కామాలు పెట్టి అర్థాలు గుమ్మరిస్తాయి తప్ప, ఏది ఎక్కడ అతుకుతుందో చెప్పవు. ఇక ‘రన్’ లాంటి పొడుగాటి ఎంట్రీలు ఎవరినైనా భయపెడతాయి. ‘రన్ అవుట్’ కావాలంటే పైనుంచి చదువుకుంటూ రానక్కర్లేదు. ఇలా క్రియ పక్కన ‘అవుట్’ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థమిచ్చే ఫ్రేజల్ వెర్బులు లాంగ్‌మన్‌లో క్రియ ఎంట్రీ చివర్లో ఉంటాయి.

లాంగ్‌మన్‌ని వెబ్‌లో ఉచితంగానే చూడొచ్చు, ఉదాహరణ వాక్యాలు వినొచ్చు కూడా. క్లాసులో మాత్రం అచ్చు ప్రతే. ఫోను తెర మీద మొదటి అర్థం కనబడగానే మూసేస్తారు. పేజీ తెరిస్తే పక్క అర్థాల మీద కన్ను పడక తప్పదు.