శ్రీచిత్ర ఆసుపత్రి, అక్కడ పుట్టిన గుండె కవాటం

మా పిన్ని ఛాతీలో ఉన్నది టీటీకే చిత్ర కవాటం. చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరం వల్ల ఆమె మైట్రల్ కవాటం (గుండె ఎడమవైపు పైగదికి, కిందిగదికి మధ్య ఉండేది) పాడైపోతే దాని స్థానంలో దీన్ని అమర్చారు. ఇన్నేళ్లుగా దాని పనితీరును దగ్గరగా చూస్తున్నాను కనుక, దాన్ని రూపొందించిన తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ గురించి కూడా కలిపి రాస్తున్నాను.

తిరువాన్కూరు రాజకుటుంబం 1973లో ఇచ్చిన భవనంతో మొదలైన ఈ సంస్థకు 1980లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా దక్కింది. శస్త్రవైద్యుడు ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో వైద్యులు, ఇంజనీర్లు ఒకే సంస్థలో పనిచేయడం ఆ రోజుల్లో మన దేశానికి కొత్త. కీళ్లవాతపు గుండె జబ్బు ఎక్కువగా పేదింటి పిల్లలకు, యువతులకు వస్తుంది. దిగుమతి చేసుకునే కవాటం ధర వారికి అందేది కాదు. అందుకే ఇక్కడే తయారు చేయాలని పూనుకున్నారు.

అది తేలిగ్గా కుదరలేదు. మొదటి మూడు నమూనాలూ విఫలమయ్యాయి. కవాటంలో తెరుచుకుంటూ మూసుకుంటూ రక్తాన్ని ఒకే దిశలో పోనిచ్చేది ఒక బిళ్ల; ఒక దశలో దాన్ని నీలమణి స్ఫటికంతో చేసి చూశారు గాని, అది విరగడంతో వదిలేశారు. నాలుగో నమూనాలో కోబాల్ట్-క్రోమియం మిశ్రమలోహపు చట్రం, గట్టి పాలిథిలీన్ బిళ్ల, చుట్టూ కుట్టు వేయడానికి పాలియెస్టర్ వలయం ఉన్నాయి. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది ఆ చట్రమే: అతుకుల దగ్గర విరిగి ప్రాణాలు తీసిన విదేశీ కవాటాలు ఉన్న కాలంలో, వీరు ఒకే లోహపు దిమ్మను చెక్కి అతుకే లేకుండా చేశారు. గుండె ఏడాదికి దాదాపు 4 కోట్ల సార్లు కొట్టుకుంటుంది కనుక ఈ జాగ్రత్త విలువ ఎంతటిదో ఊహించవచ్చు. 1990 డిసెంబరు 6న తొలిసారి ఒక రోగికి దీన్ని అమర్చారు. ఆ తర్వాత చెన్నైకి చెందిన టీటీకే సంస్థ తయారీ చేపట్టగా ఇప్పటికి లక్షకు పైగా రోగులకు చేరింది. రక్తం సేకరించే సంచుల తయారీ విధానాన్ని కూడా శ్రీచిత్ర సంస్థే దేశానికి అందించింది.

బిళ్ల ప్లాస్టిక్‌ది కావడంతో చప్పుడు తక్కువ. ఇల్లంతా సద్దుమణిగిన రాత్రివేళ తప్ప పిన్నికి అది వినిపించదు. రెండు రేకులతో తెరుచుకునే కొత్త కవాటాలతో పోలిస్తే ఇది పాత తరహా నిర్మాణమే అయినా, ధరను, మన్నికను కలిపి చూస్తే నేను దీనివైపే మొగ్గుతాను.

అసలు కష్టం మందులతోనే. జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్షను క్రమం తప్పకుండా చేయించుకోవాలి. పల్లెల్లో ఉండేవారికి ఆ పరీక్ష కోసం పట్నం దాకా వెళ్లడమే పెద్ద భారం. ఇలా లోహం, ప్లాస్టిక్ వంటివాటితో చేసిన యాంత్రిక కవాటం ఏదైనా ఇది తప్పదు. ఆ మాత్రల్లో ఎక్కువగా వాడే వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు హాని చేయగలదు కాబట్టి, పిల్లలు కావాలనుకునే యువతులు శస్త్రచికిత్సకు ముందే వైద్యులతో ఈ సంగతి వివరంగా మాట్లాడుకోవాలి.