మధ్యలో నిలబడే ముల్లు, కదిలే అంకె: పాత కారులో ఓబీడీ రీడరుతో మూడేళ్లు

ఇరవై ఏళ్లు దాటిన నా పెట్రోలు కారులో నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది టెంపరేచర్ ముల్లు. బండి స్టార్టు చేసిన కాసేపటికి సరిగ్గా మధ్యకు వచ్చి నిలబడుతుంది, ఖాళీ రోడ్డైనా ట్రాఫిక్కైనా అక్కడి నుంచి వెంట్రుకవాసి కదలదు. ఆ నిలకడ చూసి ఇంజను నిక్షేపంగా ఉందని ఏళ్ల తరబడి నమ్మాను. మూడేళ్ల క్రితం స్టీరింగు కింది సాకెట్టులో అగ్గిపెట్టెంత ఓబీడీ (కారు కంప్యూటరు తనిఖీ వ్యవస్థ) రీడరు పెట్టి, కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రతను ఫోనులో అంకెల్లో చూడడం మొదలుపెట్టాను. రీడరు చేసే మిగతా పనులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

మొదటి వారంలోనే తేలింది ఏమిటంటే, నా బండిలో అంకె 78 మీద ఉన్నా 104 మీద ఉన్నా ముల్లు మధ్యలోనే ఉంటుంది. అది చెడిపోయి కాదు. కాస్త కదిలినప్పుడల్లా నడిపేవారు బెదిరిపోకుండా ఉండాలని, చాలా కార్లలో తయారీదారులే దాన్ని అలా అమర్చారు. అంకెకు మాత్రం ఒక నడక ఉంది. చల్లటి ఇంజనులో బయటి వేడికి దగ్గరగా మొదలై చకచకా పెరుగుతుంది, 82 డిగ్రీల దగ్గర థర్మోస్టాట్ (కూలెంట్‌ను రేడియేటరులోకి వదిలే కవాటం) తెరుచుకోవడం మొదలయ్యాక నెమ్మదిస్తుంది, రోడ్డు మీద 86, 88 మధ్య ఆడుతుంది. బండి నిలిచిపోతే మెల్లగా పైకెక్కి, 98 దగ్గర రిలే (ఫ్యానుకు కరెంటు ఇచ్చే స్విచ్చు) టక్కుమని రేడియేటరు ఫ్యాను అందుకుంటుంది, 92కు దిగాక ఆగుతుంది. నెల తిరిగేసరికి ఇదంతా నాకు కంఠతా వచ్చేసింది.

ఆ కంఠపాఠమే ఒక సాయంత్రం పనికొచ్చింది. రోడ్డు పని వల్ల వాహనాలన్నీ నిలిచిపోయాయి. ఏసీ ఆపి, అద్దాలు దించుకుని కూర్చున్నాను. అంకె 98కి వచ్చినా టక్కుమన్న శబ్దం వినపడలేదు. పక్కన లారీ మోతలో కలిసిపోయిందేమో అనుకునేలోగా 101 అయింది, ఆ వెంటనే 103 అయింది. ఏసీ వేస్తే ఫ్యాను దానితోపాటు తిరిగి తీరాలి కనుక వేసి చూశాను. అలికిడి లేదు. 106 దగ్గర ఏసీ ఆపి హీటరును పూర్తి వేడి మీద పెట్టాను. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే కాబట్టి ఇంజను వేడిలో కొంత మా ముఖాల మీదికి మళ్లింది, అంకె 107 దాకా వెళ్లి 105కు దిగింది. ఎలాగో పక్కకు తీసి ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి చూస్తే అది దిగకపోగా 109కి ఎక్కింది. పంపు ఆగిపోయినప్పుడు లోహంలోని వేడి నిలిచిపోయిన నీటిలోకి దిగుతుందని తెలిసి కూడా గుండె దడదడలాడింది. ముల్లు మధ్య గీతను దాటింది అప్పుడే, అదీ గోరంత.

రేడియేటరు మూత జోలికి వెళ్లలేదు. లోపల సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడి ఉంటే నీరు 120 డిగ్రీల దాకా మరగదు, మూత తీసిన మరుక్షణం భగ్గున పైకి ఎగజిమ్ముతుంది. ముప్పావు గంట ఆగి ఫ్యూజు పెట్టె తెరిస్తే ఫ్యాను రిలే కాలు ఒకటి గోధుమ రంగుకు మాడి ఉంది. దాని మీదున్న నంబరే హారన్ రిలే మీద కూడా ఉండడంతో దాన్ని పీకి ఇక్కడ గుచ్చాను. ఫ్యాను తిరిగింది, ఇంటిదాకా హారన్ లేకుండా వచ్చాను. వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలే ఫ్యాను పని చేసిపెడుతుంది కాబట్టి, ఆ రిలే ఎన్నాళ్ల క్రితం పోయిందో నాకు తెలిసే అవకాశం లేదు.

ఆ ఉత్సాహంలో ఈ రీడరును తెలిసినవారందరికీ సిఫారసు చేశాను. ఇప్పుడు అంత ధాటిగా చెప్పలేను. నిరుడు వానలో వెళ్తుండగా అంకె 90 నుంచి 74కు పడిపోతే, వాన చల్లదనం కాబోలని సంతోషించాను. అద్దం మీది ఆవిరి పోవాలని వేసిన హీటరు చల్లగాలి వదలడంతో అనుమానం వచ్చి ఆపి చూస్తే, పై గొట్టం క్లిప్పు దగ్గర చీలి కూలెంట్ చాలావరకు కారిపోయింది. సెన్సారు తనను తాకిన దాని వేడినే చెబుతుంది, నీరు లేని చోట అది తాకింది గాలిని. హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పై భాగానికీ కింది దిమ్మెకూ మధ్య ఉండే పట్టీ) దక్కడం నా అదృష్టం. అప్పటి నుంచి అంకె పెరిగితే కన్నా కారణం లేకుండా తగ్గితేనే ఎక్కువ భయపడుతున్నాను, పొద్దున ఇంజను చల్లగా ఉండగా కూలెంట్ ట్యాంకులో మట్టం కూడా చూస్తున్నాను. మరోసారి సెన్సారు ప్లగ్గు వదులై మిట్టమధ్యాహ్నం మైనస్ 40 చూపింది. ఓబీడీలో ఈ విలువ అంతకన్నా కిందికి దిగదు.

అంతకన్నా చిరాకు పెట్టింది యాప్. బ్లూటూత్ తెగిపోయాక కూడా చివరి అంకె 91ని తెర మీద అలాగే ఉంచి, అరగంట పాటు నన్ను నమ్మించింది. 103కు పెట్టుకున్న అలారం కూడా యాప్ తెరిచి ఉంటేనే మోగుతుంది. రెండు రోజులకు మించి బండి తీయకపోతే రీడరును పీకేయాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

నేను ఎక్కువగా ట్రాఫిక్కులో నెమ్మదిగా నడుపుతాను, ఫ్యూజు పెట్టె తెరవడానికి జంకను, కాబట్టి నాకు ఇది గిట్టుబాటైంది. మీటరులోనే డిగ్రీలు కనిపించే బండి ఉన్నవారికి దీనితో పెద్దగా పని లేదు. సాకెట్టే లేని ఇంకా పాత బండ్లకు సొంత సెన్సారుతో వచ్చే విడి మీటరు పెట్టించుకోవాలి. పోయిన నెల థర్మోస్టాట్ మార్చినప్పుడు 82 బదులు 88ది వేయించాను. ఫ్యాను ఇప్పటికీ 98కే అందుకుంటోంది గానీ, రోడ్డు మీద అంకె 91, 92 దగ్గర ఆడుతోంది. పాత అంకెలు మరిచిపోవడానికి కొంతకాలం పట్టేలా ఉంది.